మూడో గొట్టం మీది బాణం

మా ఇంట్లో ఎవరు ఏ వానలో పుట్టారో, ఏ బర్రె ఎప్పుడు ఈనిందో నన్నే అడుగుతారు. నేను చదివింది మూడో తరగతి. రాసుకోవడం రాలేదు కాబట్టి అన్నీ మనసులోనే పెట్టుకోవడం అలవాటైంది. తప్పు కూడా అక్కడే జరిగింది.

కొన్నేళ్ల కింద ఉగాది ముందర, మా చెరువు సగానికి ఎండినప్పుడు, హైదరాబాద్‌లో పెద్ద చదువు చదివే ఒక పిల్ల వచ్చింది. పుట్టింది మాత్రం గోదావరి ఒడ్డున బొగ్గు గనుల కాలనీలో. తెప్ప మీద చెరువు మధ్యకు పోయి, ఇద్దరు మనుషులతో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టాలు బురదలోకి దించింది. ఒకే చోట ఒకదాని కింద ఒకటి, మూడు గొట్టాల మన్ను తీశారు. మూడోదాంట్లో ఉన్నది అన్నిటికన్నా పాతది.

“మా బాపు బొగ్గు తవ్విండు, నేను బురద తవ్వుతున్న. మా ఇంట్ల ఒక్కరి బట్టలన్న తెల్లగుండయి పెద్దమ్మా” అని నవ్వింది.

నేను అప్పుడు బియ్యం కడుగుతున్నాను. “బురదల ఏం కనపడ్తది బిడ్డా?” అన్నాను.

“గీ బియ్యం లెక్కనే. మీ గుట్ట రాయిని వాన కడుగుతది. వానలు మంచిగ పడ్డ కాలంల రాయిలున్న ఉప్పంత కరిగిపోయి, ఉత్త మెత్తటి మన్ను చెరువుల దిగుతది. వానలు తక్కువైతే రాయి నానది, ఉప్పు మన్నులనే ఉంటది. ఏ పొరల ఎంత ఉప్పు మిగిలిందో చూస్తే ఏ కాలంల ఎట్ల కురిసిందో తెలుస్తది.”

నాకెంత ముచ్చటేసిందో! చెరువు కూడా నాలాగే ఏమీ రాసుకోకుండా గుర్తుపెట్టుకుందన్నమాట.

ఒక్కో గొట్టానికి ఒక కొసన కాగితం పట్టీ అంటించి, దాని మీద బాణం గీసింది. “మొన ఉన్నది మీదిదిక్కు. గిది పోతే ఏది ముందటి కాలమో, ఏది ఎన్కటిదో తెల్వది. జర పైలం పెద్దమ్మా.” మా వెనక గది చల్లగా ఉంటుందని గొట్టాలు అక్కడ పడుకోబెట్టి, నాలుగు రోజులు ఆసిఫాబాద్ వైపు ఇంకో చెరువుకు పోయింది.

ఉగాదికి ఇల్లు కడగకుండా ఎవరుంటారు? గదంతా బురద వాసన. గొట్టాలు వాకిట్లోకి మోసి, గది కడిగి, ఆ చేత్తోనే వాటినీ పీచు పెట్టి తోమాను. పట్టీలు నాని ఊడి నా చేతికి వచ్చాయి.

పట్టీలు ఎండబెట్టి, అన్నం మెతుకులతో మళ్లీ అంటించాను. ఒకదాని మూత పగిలి ఉంది, ఇంకోదాని కొస నొక్కుకుపోయింది, ఆ ఆనవాళ్లతో రెండూ సరిగ్గానే కుదిరాయి. మూడోదానికి రెండు కొసలూ ఒక్క తీరే. కళ్లు మూసుకుంటే బాణం తలుపు దిక్కు కనబడింది. కానీ వాకిట్లోకి తెచ్చేటప్పుడు తిప్పానా, లేదా?

మా ఆయన చూస్తూనే ఉన్నాడు. “ఏమే, పిల్లకు ఫోన్ చేసి చెప్పరాదు?”

“నా మతి మీద నమ్మకం లేదా నీకు?” అని కసిరాను. నాకు తోచిన కొసకు అంటించేశాను.

పిల్ల తిరిగొచ్చి, మెరుస్తున్న గొట్టాలు చూసి నన్ను వాటేసుకుంది. “మా అవ్వ గూడ గిట్ల తోమది పెద్దమ్మా!” అప్పుడు చెప్పాల్సింది. పండక్కి చేసిన పూర్ణం బచ్చాలు వడ్డించాను, మాట మింగాను.

ఏడాదికి ఫోన్ వచ్చింది. “మూడో గొట్టం ఉల్టా మాట్లాడుతుంది పెద్దమ్మా. రెండోదాని అడుగు మన్నుకు దీని మీది మన్ను కలుస్తలేదు. గుర్తులు సరిగ్గ పెట్టలేదని మా సారు నన్నే తిట్టిండు, పక్కకు పెట్టమన్నడు.” నేను “ఫికర్ చెయ్యకు బిడ్డా” అన్నాను. అంతే అన్నాను.

రెండు గొట్టాలతోనే తన చదువు పుస్తకం రాసి కాలేజీలో ఇచ్చేశానని పిల్ల మళ్లీ ఫోన్ చేసినప్పుడు, ఇక దాచలేక చెప్పేశాను. “గప్పుడే చెప్పకపోతివి” అంది.

వారానికి తనే ఫోన్ చేసింది. ఆ గొట్టం లెక్కను తలకిందులుగా పెట్టి చూస్తే అతికిందట. “మరి పుస్తకంల కలపరాదు బిడ్డా?” అన్నాను. “అయిపోయింది పెద్దమ్మా” అంది. అన్నిటికన్నా పాత వానల ముచ్చట అలా బయటే ఉండిపోయింది. ఆ పిల్ల పడ్డ తిట్లు నావి.

ఈ ఉగాది ముందర మళ్లీ మా చెరువుకే వచ్చింది. వస్తుందని తెలిసి వెనక గది ఊడ్చి పెట్టాను. తడి గుడ్డ కూడా పెట్టలేదు. మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికే వచ్చింది, చేతులకు బురద ఆరిపోయి ఉంది. గొట్టాలేవని నేను అడగలేదు. మా ఆయనే అడిగాడు.

“బడి గదిల పెట్టినం పెద్దబాపూ. ఈసారి బాణాలు కాల్చిన కడ్డీతోని గొట్టాల మీదనే ఏసిన. మీకెందుకు పరేషాన్” అని, నా మొహం చూడకుండా, ఇంకో బచ్చం పెట్టమని పళ్లెం నా ముందుకు జరిపింది.