ఆ రోజంతా మా ఫోన్ ఎంగేజ్

మా చిన్నప్పుడు... యాకుత్‌పురాలో మా సందు మొత్తానికీ ఫోన్ మా ఇంట్లోనే ఉండేది. పక్కింటి జుబేదా ఖాలా తన చుట్టాలందరికీ మా నంబరే ఇచ్చింది. ఆమెకి ఫోన్ వస్తే నేను పిట్టగోడ మీంచి పిలిచేదాన్ని... నేను గట్టిగా మాట్లాడేది అప్పుడు మాత్రమే.

నాన్నకి కంప్యూటర్ల పిచ్చి. ఇంట్లో రెండు ఉండేవి. ఫోన్ లైనుకి మోడెమ్ తగిలించింది లినక్స్ ఉన్నదానికి, నేను వాడేది విండోస్. నా దానికి ఇంటర్నెట్ కావాలంటే లినక్స్ గుండానే వెళ్లాలి. ఎన్నో ఆదివారాలు తంటాలు పడి నాన్న ఆ దారి కుదిర్చారు. విండోస్ బయటి నుంచి ఏది అడిగినా, లినక్స్ దానంతటదే డయల్ చేసేది. ఆ కీచుమనే చప్పుడు భరించలేనని అమ్మ అంటే, మోడెమ్ గొంతు కూడా నొక్కేశారు.

ఒకటే షరతు... నెట్ నడిచినంతసేపూ ఫోన్ ఎంగేజ్, అందుకని పని అయ్యాక విండోస్ షట్‌డౌన్ చేయాలి.

ఖాలా భర్తని ఆసుపత్రిలో చేర్చిన మర్నాడు నాకు సెలవు. బడికి కావలసింది ఏదో చూసుకుని, మానిటర్ ఆపేసి, కథల పుస్తకం తీసుకున్నాను. తెర నల్లబడితే కంప్యూటర్ ఆగినట్టేనని అనుకునే వయసు.

చంటిపిల్లతో ఖాలా ఇంట్లోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో ఆయనకి తోడున్న ఆమె తమ్ముడు, ఏమైనా ఉంటే మా ఇంటికి ఫోన్ చేస్తానన్నాడట. ఆమె మూడుసార్లు మా గుమ్మం దాకా వచ్చింది.

"ఫోనేమన్న వచ్చిందా బేటీ?"

"రాలేదు ఖాలా."

మోగలేదంటే అంతా బాగున్నట్టేనని అమ్మ ధైర్యం చెప్పింది. ఫోన్ ఎత్తి చూడాలని ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం తమ్ముడే ఆటోలో వచ్చాడు.

"పొద్దటిసంది చేస్తున్న ఆపా... ఎంగేజే వస్తుంది. నిన్నే అడిగిండు... చివరిదాంక."

ఖాలా మా మెట్ల మీదే కూలబడిపోయింది.

సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, లినక్స్ ముందు కూర్చుని డయల్ అయిన వేళలు చూశారు. పొద్దుటి నుంచీ ఒకటే వరస. ఎవరూ తాకకపోయినా విండోస్ లోపల్లోపల ఏదో అడుగుతూనే ఉంది... అడిగినప్పుడల్లా లినక్స్ లైను పట్టేసింది.

"ఆ సెట్టింగ్ పెట్టింది నేనమ్మా," అన్నారు. "ఎవరితో అనకు."

అనలేదు. ఆ రోజు లైను చెడిపోయిందని ఖాలాయే అందరికీ చెప్పుకునేది... నేను వింటూ ఉండేదాన్ని.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోనే. ఖాలాకీ ఒకటుంది... ఎవరు ఎప్పుడు చేసినా మోగుతుంది. నేనే చేయలేకపోతున్నాను.

మీరైతే ఇన్నేళ్లకి చెప్పేవారా?