పసుపు అట్ట

యురాని చివరిసారి చేసిన పని, కాలేజీలో మేం తెచ్చే సినిమా పత్రిక అట్టమీద, దూరం నుంచీ కనబడేలా పత్రిక పేరును కిందినుంచి పైకి జరపడం. ఎప్పటిలాగే అట్టను గోడకు అంటించి, రంగు అంటిన వేళ్ళను పంట్లానికి తుడుచుకుంటూ వీధి అవతలికి వెళ్ళి, కళ్ళు చికిలించి చూసింది. అంతకుముందు ఆమె గీసిన అట్ట తెల్లది. చుట్టూ నల్ల అంచు, నడుమ ఖాళీ కుర్చీ. కాలేజీలో మాస్టారు తెగ మెచ్చుకున్నారు. మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే రుబియేలా తన పత్రికల కొట్లో దాన్ని క్లిప్పుతో వేలాడదీయగానే, చర్చికి పోతున్న ఒక ముసలావిడ ఆగి శిలువ గుర్తు వేసుకుంది. "అయ్యో, ఎవరు పోయారమ్మా?" మా బుగా ఊళ్ళో చావు కబురు గోడకెక్కేది అలాంటి కాగితం మీదే. రుబియేలా పడి పడి నవ్వింది. "పిల్లా, సినిమాకి పిలుస్తున్నావా, సమాధికా?" యురాని నవ్వలేదు. "ఉండండి దోన్యా, ఆవిడ చేతే కొనిపిస్తాను." "మాస్టారు మార్కులు కోసేస్తారే," అన్నాను. "కోసుకోనీ. చదవాల్సింది ఆవిడ," అని పసుపు రంగు మీద నవ్వే ముఖాన్ని పెద్దగా వేసింది.

కొత్త సంచిక కొట్టుకు చేరిన రోజు పొద్దున్నే బస్సు ప్రమాదంలో యురాని పోయింది. సాయంత్రం ఆమె పేరున్న నల్ల అంచు కాగితాన్ని కొట్టు గోడకు అంటించడానికి వెళితే, కొట్లో మా పత్రిక ఒక్కటీ మిగల్లేదు. మొదటిది కొన్నది ఆ ముసలావిడేనని రుబియేలా చెప్పింది.