ఎదుటివాళ్ళ కట్ట ముట్టని మనిషి

మానోంగ్ కార్పోని (మావైపు పెద్దవాళ్ళని మానోంగ్ అంటాం) మొదటి రోజునుంచీ నేను నమ్మలేదు. దాచడానికేముంది, ఇలోయిలో ఊళ్ళో లాపాజ్ బజారు వెనక నా జిరాక్స్ షాపులోకి ఎవరు అడుగుపెట్టినా ముందు చేతులు చూస్తాను, మొహం తర్వాత. పెన్నులూ స్కేళ్ళూ కళ్ళముందే మాయమయ్యే వ్యాపారం నాది. కార్పో చేతులు చూడగానే ఒళ్ళు మండింది. అరవై దాటిన మనిషికి, చెప్పుల పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుని తిరిగే మనిషికి, అంత నున్నటి వేళ్ళేమిటి?

అప్పట్లో నా షాపులో కార్డులాట అంటే కాలేజీ నుంచి వచ్చే ఆరుగురు పిల్లలు. కాగితాలు అచ్చయ్యేదాకా ఊరికే నిలబడలేక బల్లమీద బొమ్మల కార్డులు పరిచేవాళ్ళు. రాక్షసులు, డేగలు, మంత్రాలు, ఏవేవో. అరవై కార్డుల కట్టని ఎవరిది వాళ్ళే ఏరి కూర్చుకోవాలట, సగం ఆట అక్కడే గెలుస్తారట. ఆరుగురు కాస్తా ఇరవై మందయ్యారు. ఏడాది తిరిగేసరికి బాకొలోద్ నుంచి పడవెక్కి వచ్చి మరీ ఆడేవాళ్ళు తయారయ్యారు. కార్డులకి ప్లాస్టిక్ తొడుగులు, పోటీలకి పట్టికలు, మనీలా నుంచి రూల్ పుస్తకం. నేనూ పరీక్ష రాసి జడ్జినయ్యాను. జిరాక్స్ మెషీన్ని మూలకి తోసేసి ఎనిమిది బల్లలు వేయించాను.

ఆ పిల్లల మధ్యకి వచ్చి కూర్చున్నాడు కార్పో. ముప్ఫై ఏళ్ళు చావు ఇళ్ళలో పేక పంచిన మనిషి. మావైపు శవం ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పేటిక పక్కనే ఆట సాగాల్సిందే, పోయినవాళ్ళని ఒంటరిగా వదలకూడదు కదా. ఆ ఆటలు నడపడమే అప్పటిదాకా అతని బతుకు. లాపాజ్‌లో ఎవరింట్లో ఎవరు పోయినా ముందు ఫాదర్‌కి కబురు, తర్వాత కార్పోకి. అలాంటివాడికి పిల్లల బొమ్మలతో ఏం పనో నాకు అర్థం కాలేదు. అడిగేశాను.

"చావింట్లో ఆట ఎవరు చూస్తారమ్మా మెర్లీ? ఒక కన్ను పేటిక మీద, ఇంకో కన్ను కాఫీ మీద. ఇక్కడైతే అందరూ చేతులే చూస్తారు. అందరూ చూస్తుండగా ఒక్కసారి గెలవాలని ఉంది. అంతే" అన్నాడు.

అంతేనట! నేను మెషీన్ మూత ఠపీమని వేసి లోపలికి పోయాను.

నాలుగు నెలలు వరసగా ఓడాడు. భూతద్దం పెట్టుకుని కార్డుల మీద చిన్న అక్షరాలు చదువుకునేవాడు, పిల్లల్ని అడిగి అడిగి తెలుసుకునేవాడు, వాళ్ళు వద్దని పారేసిన కార్డులతోనే కట్ట కూర్చుకున్నాడు. తర్వాత గెలవడం మొదలుపెట్టాడు. ఒక శనివారం, ఇంకో శనివారం, ఆపై శనివారం. గుసగుసలు బయలుదేరాయి. అబద్ధం ఎందుకు, కొన్ని నేనే బయలుదేరదీశాను.

అన్నిటికంటే నన్ను పీకిన సంగతి ఒకటుంది. ఆట మొదలయ్యే ముందు ఎవరి కట్ట వాళ్ళు కలిపి ఎదుటివాళ్ళ ముందు పెడతారు. ఎదుటివాళ్ళు దాన్ని మళ్ళీ కలుపుతారు. ఒకరినొకరు నమ్మకపోవడమే ఇక్కడ మర్యాద. కార్పో తన కట్ట మాత్రం బుద్ధిగా ఇచ్చేవాడు, ఎంతసేపు కావాలన్నా కలుపుకోనిచ్చేవాడు. ఎదుటివాళ్ళ కట్ట దగ్గరికి వచ్చేసరికి దానిమీద వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, "కానివ్వు నాయనా" అనేవాడు. కలపడు, కోయడు. చావింటి పేకలో అది నమ్మకానికి గుర్తు. పిల్లలు మురిసిపోయారు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. తనకున్న హక్కుని ఊరికే ఎవడు వదులుకుంటాడు? ఎవరి కట్ట మీద మెల్లగా తట్టాడు, ఎవరిదాని మీద గట్టిగా తట్టాడు, అన్నీ గల్లా పెట్టె వెనక నోటుబుక్కులో రాసుకున్నాను. తుడుస్తానని వంక పెట్టి అతని తొడుగులు లైటు కింద ఒక్కొక్కటే చూశాను. వెనక నిలబడి ఎవరూ అతనికి సైగ చెయ్యకుండా ఎదుటివాళ్ళ కుర్చీ గోడకి ఆనించి వేయించాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేకొద్దీ నాకు ఇంకా పట్టుదల పెరిగింది.

ఆ మార్చిలో మాల్ పైఅంతస్తులో పెద్ద పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళు మా దీవుల తరఫున మనీలాలో దేశపు పోటీకి వెళ్తారు. నూటపన్నెండు మంది వచ్చారు. జడ్జిల్లో నేనొకదాన్ని. కార్పో గంజిపెట్టిన తెల్ల చొక్కా వేసుకుని, నూనె రాసి తల దువ్వుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. ఆరు ఆటలు గెలిచాడు. ఏడోది ఆఖరాట. ఎదురుగా బాకొలోద్ నర్సమ్మాయి గ్లైజా. బల్ల చుట్టూ జనం మూగారు. కార్పో మొహం చూస్తే తెలిసిపోతోంది, అతను కోరుకున్న రోజు ఇదే.

గ్లైజా కట్ట పెట్టింది. కార్పో తట్టాడు. నేను జనాన్ని తోసుకుని ముందుకెళ్ళాను.

"కలపండి" అన్నాను.

"ఫర్వాలేదమ్మా, ఈ అమ్మాయి మీద నాకు నమ్మకమే."

"నమ్మకం సంగతి కాదు. ఇక్కడ కలిపి తీరాలి. ఇది నా షాపు కాదు."

గ్లైజా కూడా తనకేం అభ్యంతరం లేదంది. నువ్వాగమ్మా అన్నాను. కార్పో కుర్చీలోంచి లేచి నన్ను రెండడుగులు పక్కకి తీసుకెళ్ళాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"ముప్ఫై ఏళ్ళూ మోసం చేశాను మెర్లీ" అన్నాడు గొంతు తగ్గించి. "కలిపేటప్పుడు ముక్క అంచు కాస్త కనబడితే చాలు, ఎక్కడికి పోవాల్సింది అక్కడికి పోతుంది. మా బావ పోయినప్పుడు ఆయన కొడుకుతో ఆడుతున్నాను. వాడి దగ్గర చెయ్యాలని అనుకోలేదు, ఒట్టు. చూసేసరికి పిల్లాడి చేతిలో అన్నీ చచ్చు ముక్కలే. చెయ్యి దానంతటది చేసేసింది. ఆ రోజుతో చావింటి ఆటలు మానేశాను. నాది ఎలాగూ వాళ్ళు కలుపుతారు. వాళ్ళది నేను ముట్టను. నువ్వు కలుపమ్మా. నాకొద్దు."

వింటుంటే నాకు జాలి కలగలేదు. దొరికాడు, అనిపించింది. రెండేళ్ళుగా నేను వెతుకుతున్నది ఇదేగా! పైగా ఇప్పుడు నాచేత కలిపించి ఇంకేదో ఎత్తు వేస్తున్నాడనిపించింది. నా దగ్గర ఆ పప్పులు ఉడకవు అనుకున్నాను.

"కలుపుతారా, ఓడినట్టు రాయమంటారా?"

కార్పో వెళ్ళి కూర్చున్నాడు. కట్ట చేతిలోకి తీసుకున్నాడు. మొదటిసారి తడబడ్డాడు. రెండోసారికి తడబాటు తగ్గింది. మూడోసారికి ముక్కలు చప్పుడు లేకుండా ఒకదాంట్లోకొకటి దూరిపోయాయి. అంతవరకే నేను చూసింది. అతని పెదవులు కదులుతున్నాయి, ఏదో ప్రార్థన. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. నేను ఆ మొహం వైపే చూస్తూ ఉండిపోయాను.

గ్లైజా ఏడు కార్డులు తీసింది. ఒక్కటీ పనికొచ్చేది లేదు. ఒకటి తక్కువతో మళ్ళీ తీసుకోవచ్చు, తీసుకుంది. అవీ చచ్చువే. చూశావా, చావింటి పేక, అని ఎవరో వెనకనుంచి అన్నారు. గ్లైజా నవ్వేసి, నా దరిద్రం, ఆడదాం అంది. రెండు ఎత్తుల్లో ఆట అయిపోయేది, కార్పోదే గెలుపు. అతను తన కార్డులు బోర్లా పెట్టి, ఆ అమ్మాయి ముందుకి చెయ్యి చాపాడు.

"నువ్వు గెలిచావమ్మా. మనీలా వెళ్ళిరా."

మెట్ల దగ్గర పట్టుకున్నాను అతన్ని. నిజం చెప్పమన్నాను. చేశారా, లేదా?

"తెలియట్లేదు" అన్నాడు. చిన్నపిల్లాడిలా నా వైపు చూశాడు. "నువ్వు చూస్తూనే ఉన్నావుగా మెర్లీ. నువ్వే చెప్పు. చేశానా?"

రెండేళ్ళు ఆ చేతులమీదనుంచి చూపు తిప్పనిదాన్ని, ఆ నిమిషంలో చూడలేదు. లేదు అని ఒక్కమాట అంటే నమ్మేవాడు. నాకు తెలియని మాట చెప్పడానికి నోరు రాలేదు. కార్పో కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ నా షాపు గడప తొక్కలేదు. ఎవరు పోయినా ఆ ఇంటికే వెళ్ళడం లేదట. బజారులో కనబడితే చేతులు జేబుల్లో పెట్టుకుని నడుస్తాడు. ఇప్పటికీ అతన్ని దొంగ అనేవాళ్ళున్నారు.

కట్ట పద్ధతి ప్రకారం కలిపారు, లోపమేమీ కనబడలేదు అని నా నివేదికలో రాశాను. ఆటగాడు తాను కలపలేనంటే జడ్జి కలపొచ్చని రూల్ పుస్తకంలో స్పష్టంగా ఉంది. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది, సరిగ్గానే జవాబు రాశాను. ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. నామీద ఎవరికీ అనుమానం రాలేదు.