ఫస్ట్ క్లాసులో వెతకలేదు

ఒక మాట గుండెలో పెట్టుకుని ఇన్నేళ్ళు తిరిగాను. పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, ఉద్యోగం చేశాను, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళాను. ప్రార్థనలో అందరి పేర్లూ చెప్తాను. ఆ ఒక్క పేరు మాత్రం దాటేస్తాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెప్తున్నాను. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నేను సికింద్రాబాద్‌లో, బోయిగూడలోని ఒక గ్రంథాలయంలో పనిచేస్తాను. వార్షికోత్సవ సంచికకు మా గ్రంథాలయ చరిత్ర రాయమంటే ఈ మధ్య సరదాగానే మొదలుపెట్టాను. తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన రోజుల్లో ఒక బట్టల వ్యాపారి తన ఇంటి వరండా ఇచ్చాడని, చుట్టుపక్కల వాళ్ళు తలా ఒక పుస్తకం తెచ్చి పెట్టారని, తర్వాత పెంకుల కప్పుతో ఈ రెండు గదులు వచ్చాయని రాశాను. ఇక సేవలు. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు వేరే గది. శనివారం పిల్లలకు కథలు. చదువు రానివాళ్ళకు అర్జీలు రాసిపెట్టడం. ఆ కింద "పరీక్షా ఫలితాలు చూసి చెప్పే సేవ" అని రాశాను. సేవ! నా చేత్తో నేనే ఆ మాట రాసి, దాన్ని చూసుకుని, పెన్ను పక్కన పెట్టేశాను.

ఆ సేవ ఏమిటో చెప్పాలి. పదో తరగతి ఫలితాలు అప్పట్లో పేపర్లో పడేవి. పేర్లు ఉండవు, హాల్ టికెట్ నంబర్లే. ఫస్ట్ క్లాసు వాళ్ళవి ఒక చోట, సెకండ్ క్లాసువి ఒక చోట, థర్డ్ క్లాసువి ఇంకో చోట. తెల్లారేసరికి అంగళ్ళలో పేపర్లు అయిపోయేవి. జనమంతా గ్రంథాలయానికి వచ్చేవాళ్ళు. చేతికిస్తే పేపరు చింపేస్తారని లైబ్రేరియన్ గారు తలుపు మూసేసి, కిటికీ దగ్గర ఒకరిని కూర్చోబెట్టేవారు. బయటివాళ్ళు నంబరు చెప్పాలి. లోపలి మనిషి చూసి, ఉందో లేదో చెప్పాలి.

ఆ ఏడు కిటికీ దగ్గర కూర్చున్నది నేను. డిగ్రీ చదువుతూ, సెలవుల్లో పుస్తకాలు సర్దడానికి వెళ్ళేదాన్ని. మాది గుంటూరు వైపు. నాన్నగారు టీచరు. మెట్టుగూడలో ఉండేవాళ్ళం. మా తమ్ముడూ ఆ ఏడే పదో తరగతి రాశాడు. కిటికీ తెరవకముందే వాడి నంబరు వెతికాను. మూడు చోట్లా వెతికాను. లేదు. ఇంటికెళ్ళి నాన్నగారికి ఏం చెప్పాలో తెలియక, ఆ దిగులుతోనే కిటికీ తెరిచాను.

కాసేపటికి పద్మ వచ్చింది. గూడ్స్ షెడ్డులో మూటలు మోసే ఆయన కూతురు. ఇంటి పనులకని బడి మాన్పించేస్తే, మా ఆడవాళ్ళ గదిలో మూల బెంచీ మీద కూర్చుని చదువుకుని, ప్రైవేటుగా పరీక్ష కట్టింది. అర్థం కానివి నన్నే అడిగేది. నేను చెప్పేదాన్ని కూడా. అందుకే ఆ పిల్ల చదువెంతో నాకు బాగా తెలుసని అనుకున్నాను.

పద్మ నంబరు చెప్పింది. థర్డ్ క్లాసులో చూశాను. సెకండ్ క్లాసులో చూశాను.

"లేదు పద్మా" అన్నాను.

"జెర మళ్ళ చూడక్కా."

మళ్ళీ చూశాను. మళ్ళీ ఆ రెండు చోట్లే.

"లేదమ్మా. సెప్టెంబర్లో మళ్ళీ కట్టు."

"మా నాయిన ఇంక కట్టనియ్యడక్కా. గిదే ఆఖరుసారి అన్నడు."

అని వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినాయన కొడుకు నంబరు చెప్పి, ముందు ఫస్ట్ క్లాసులో చూడమన్నాడు. అక్కడ వేలు పెట్టి కిందికి జరిపాను. వేలి కింద పద్మ నంబరు ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాను. అదే నంబరు. ఆ పిల్లకు ఫస్ట్ క్లాసు! నాకు అక్కడ చూడాలని కూడా తోచలేదు. తప్పిన మా తమ్ముడి కోసం మూడు చోట్లా వెతికినదాన్ని, పద్మ కోసం రెండు చోట్లే ఎందుకు వెతికాను? మూటలు మోసేవాడి కూతురికి థర్డ్ క్లాసు వస్తే గొప్పని, నన్ను అడక్కుండానే నా కళ్ళు ఎలా తేల్చేశాయి? బైబిలు చదివే ఇంట్లో పెరిగాను. మనుషులంతా ఒకటేనని చిన్నపిల్లలకు సండే స్కూల్లో చెప్పేదాన్ని.

అంతవరకు పొరపాటే అనుకోండి. అక్కడితో ఆగలేదు.

పద్మ ఇంకా గేటు దగ్గరే ఉంది. ఓణీతో ముఖం తుడుచుకుంటోంది. పక్కన వాళ్ళ నాన్న నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు, పేపరు కొని చూసుకునే మనిషి కాదు. నేను ఒక్క కేక వేస్తే చాలు. నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే, నాన్నగారు పక్కన కూర్చోబెట్టుకుని చదివించిన మా వాడు తప్పాడనీ, బెంచీ మూల కూర్చున్న ఈ పిల్ల పైకి వచ్చేసిందనీ గుర్తొచ్చింది. కడుపు మండింది. అవును, ఈర్ష్యే. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. వాళ్ళిద్దరూ రోడ్డు దాటేదాకా చూస్తూ కూర్చున్నాను. తర్వాతి వాళ్ళు నంబరు చెప్పారు.

రేపు వస్తుంది, చెప్పొచ్చు అనుకున్నాను. రాలేదు. కొన్నాళ్ళకు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. నిజామాబాద్‌లో పెద్దమ్మ దగ్గరికి బీడీలు చుట్టడానికి పంపించేశారని పక్కింటావిడ చెప్పింది. చిరునామా అడగొచ్చు, ఉత్తరం రాయొచ్చు. వాళ్ళ నాన్న వచ్చేదాకా ఆ గడపలో కూర్చోవచ్చు. సరేనని వచ్చేశాను. తప్పించుకున్నానని ఆ రోజు హాయిగా అన్నం తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అది నేనేనా?

క్రితం నెల ఒకావిడ కూతుర్ని సభ్యురాలిగా చేర్పించడానికి వచ్చింది. నేను వెంటనే పోల్చుకోలేకపోయాను.

"గుర్తువట్టలేదా అక్కా? పద్మను" అంది. టేబులు అంచు పట్టుకున్నాను. ఆమె పిల్లను ముందుకు నెట్టి, "గీ అక్కనే నాకు చదువు చెప్పింది. దండం పెట్టు" అంది.

ఆ పిల్ల దండం పెట్టింది. నేను తీసుకున్నాను.

ఏం చేస్తున్నావని అడిగాను. ఏదో ఒకటి అడగాలి కదా.

"అంగన్‌వాడీల ఆయా పని జేస్తున్నక్కా. టీచరు పోస్టుకు పదో తరగతి పాసడిగిన్రు. నేను ఫెయిలైన గదా. నువ్వు గంత మంచిగ చెప్పినా నా బుర్రకెక్కలే."

నవ్వుతూ అంది. తన బుర్రనే తిట్టుకుంటూ ఇన్నేళ్ళు బతికింది. నేను చేసింది ఒక్కరోజు పని అనుకున్నాను. కాదు, రోజూ చేస్తూనే ఉన్నాను. ఆ క్షణంలో కూడా చేశాను. ఆమె చెప్పింది విని తలూపాను. పిల్ల సభ్యత్వానికి హామీ సంతకం ఎవరు పెడతారంటే, నేనే పెట్టాను. పద్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఇప్పుడు చెప్పినా దారి ఉంది. పరీక్ష రాసిన బడికి వెళ్ళి మెమో కోసం అర్జీ పెట్టుకోవచ్చు. అలాంటి అర్జీలు ఎంతమందికో ఈ టేబులు మీదే రాసిచ్చాను. పద్మకు రాసివ్వాలంటే ముందు ఆ మాట చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? తిడుతుందా? తిడితే బాగుండును. ఏం పోయిందిలే అక్కా అంటుందేమోనని భయం.

శనివారం శనివారం పిల్లను కథలకు తీసుకొస్తుంది. లోపలికి తొంగి చూసి, నన్ను పలకరించి వెళ్తుంది. వచ్చే వారం చెప్తానని మీకు మాట ఇవ్వను. నాకు నేను అలాంటి మాటలు చాలాసార్లు ఇచ్చుకున్నాను.

సంచికకు రాసిన దాంట్లో ఆ సేవ సంగతి కొట్టేశాను. ఇక్కడ మాత్రం పూర్తిగా రాశాను. పద్మ ఫస్ట్ క్లాసులో పాసైంది. నాకు తెలుసు. చెప్పలేదు. రాసేశాక గుండె కాస్త తేలికైంది. ముందు తేలికపడాల్సింది ఆమె. అది తెలిసి కూడా, నాకు తేలికైంది.