లింక్ అంటే ఏమిటో తేలింది

ఈ రోజు కరీంనగర్ ఆఫీసులో ఒక్క మాట కోసం పోరాడి గెలిచాను!

ఊరూరా ఉన్న మా ఆఫీసుల కంప్యూటర్లను ఫోను తీగలతో కలపడానికి రాస్తున్న నియమావళిని సరిదిద్దడం నా పని. అందులో 'లింక్' అన్న మాటను ఒకచోట తీగకు, మరోచోట కంప్యూటర్ల మధ్య నడిచే సంభాషణకు వాడారు. మార్చమంటే మా పెద్ద ఇంజనీరు సారు, "అందరికీ ఎరుకే గదమ్మా, జర ఇడిసిపెట్టు" అనేవారు.

అచ్చుకు పంపే ముందు ఈ రోజే చివరి మీటింగ్. పెద్దపల్లి ఆఫీసు శంకర్, నస్పూర్ ఆఫీసు రహీం తమ రెండు ఆఫీసుల మధ్య లింక్ గురించి అక్కడే గొడవకు దిగారు.

"లింక్ మంచిగనే ఉన్నది," అన్నాడు శంకర్.

"లింకే లేదు భాయ్!"

నేను అడిగాను: "శంకరన్నా, నువ్వేం చూసినవ్?"

"తీగ చూసిన. యాడా తెగలే."

"రహీం భాయ్, మీరు?"

"తీగ నేను చూడలే. అటుకెల్లి జవాబే వస్తలేదు."

అందరూ గొల్లున నవ్వారు. సారు కూడా నవ్వుతూ ప్రతిని నా ముందుకు తోశారు. "గెలిచినవ్ తల్లీ. రెండింటికి రెండు పేర్లు నువ్వే పెట్టు."

తీగను 'కేబుల్' అన్నాను, సంభాషణను 'కనెక్షన్' అన్నాను. సాయంత్రం అచ్చుకు వెళ్లిన ప్రతిలో 'లింక్' ఒక్కటి కూడా మిగల్లేదు.

మీ ఆఫీసులోనూ ఒకే మాట పట్టుకుని కొట్లాడుకునే ఇద్దరున్నారా? చెప్పండి, రేపటి నుంచి నేను ఖాళీయే.