పేను కొరకని పేనుకొరుకుడు

కరోనా రెండో విడత తగ్గిన ఏడాది, వానలు మొదలయ్యే రోజుల్లో, పెనుకొండలో కాన్పుల వార్డులో పనిచేస్తున్న నన్ను మా ఆసుపత్రివారు హిందూపురం శాఖకు, చర్మవ్యాధుల ఓపీకి మార్చారు. నా హోదా నర్సింగ్ ఆర్డర్లీ. ముందు డాక్టరు, తర్వాత హెడ్ నర్సు, స్టాఫ్ నర్సు, ఆ తర్వాత నేను. నా వెనక ఇంకెవరూ లేరు. పేరు మాబున్ని, చదివింది ఐదో తరగతి. టోకెన్ల వరుసన మనుషుల్ని పిలవడం, జడ విప్పించి కూర్చోబెట్టడం, ట్రేలో సూదులూ దూదీ సర్దడం, గాజు పలకల్ని ల్యాబుకు చేర్చడం నా పని. డాక్టరమ్మ మాటను జనానికి, జనం మాటను డాక్టరమ్మకు అందించడం కూడా నా పనే అయింది. ఆమెది తుమకూరు వైపు. ఇంటి భాష కన్నడం. తెలుగు పట్టుబట్టి నేర్చుకుంటోంది గాని, మా వాళ్ళు గబగబా మాట్లాడితే నా వైపు చూసేది.

ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చేవాళ్ళలో జుట్టు ఊడే ఆడవాళ్ళే ఎక్కువ. కరోనా వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వచ్చేది. దాన్ని ఉండచుట్టి, కవర్లో పెట్టుకొని, డాక్టరమ్మ ముందు బల్ల మీద పోసేవాళ్ళు. "జుట్టుకు స్టీలు గిన్నెలిచ్చే ఆయన మీ వీధికి రాలేదా తల్లీ, మాకెందుకు తెచ్చినావు?" అని నేనంటే ఏడుస్తున్న మనిషి కూడా నవ్వేది. ఆ ఊడటానికి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు. ప్రతి వెంట్రుకా కొన్నాళ్ళు పెరుగుతుంది, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకొని రాలిపోతుంది. పెద్ద జ్వరమో కాన్పో వస్తే చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతికి పోతాయి. కాబట్టి ఒకేసారి రాలుతాయి, మళ్ళీ వాటంతటవే మొలుస్తాయి. డాక్టరమ్మ రెండు వేళ్ళ సందున చిన్న కుచ్చు పట్టి మెల్లగా లాగి, ఎన్ని చేతికొచ్చాయో చూసేది. అది పుల్ టెస్టు. బిగించి జడ వేసేవాళ్ళకు నుదుటి దగ్గర ఊడితే ట్రాక్షన్ అలోపీషియా. మగవాళ్ళకు వంశపారంపర్యంగా వచ్చే బట్టతల ఆండ్రోజెనెటిక్ అలోపీషియా. దానికి మినాక్సిడిల్ అనే పూతమందు. ఈ మాటలన్నీ నేను విని నేర్చుకున్నవే. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చెబుతాను. మా కోడలు నర్సింగు చదివింది, ఆమె కూడా ఒప్పుకుంటుంది.

ఒక సోమవారం సోమందేపల్లి దగ్గరి పల్లె నుంచి నలుగురు వచ్చారు. ముందు నారాయణప్ప, గొర్రెల మంద ఉన్న పెద్దమనిషి. వెనక రామాంజి అనే రైతు, అతని భార్య ఓబులమ్మ. అందరికన్నా వెనక, చేతులు కట్టుకొని, ఆ ఊరి కటింగ్ షాపు హనుమంతప్ప. నారాయణప్ప దవడ మీద గడ్డంలో గుండ్రంగా, నున్నగా ఒక మచ్చ. రామాంజికి చెవి కింద నుంచి మెడ దాకా ఇంకొకటి. నారాయణప్ప కూర్చోకముందే ఒక ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టాడు. అందులో మడతపెట్టిన టవలుంది.

"ఇది వీని షాపు టవలమ్మా. దీన్ని పరీక్ష చేయండి. మా ఇద్దరికీ దీన్నుంచే అంటినాది. ఊర్లో ఒక్కరన్నా వీని కాడికి పోతాండారా అడగండి. అందరూ పెనుకొండకు పోయి గడ్డం గీయించుకుంటాండారు."

హనుమంతప్ప తల ఎత్తలేదు. తర్వాత నాతో చెప్పాడు: షాపు తెరిచి కూర్చుంటే కుర్చీ ఖాళీగానే ఉంటోందని, ఈరోజు డాక్టరమ్మ కూడా అదే మాటంటే షాపు మూసేసి ధర్మవరంలో బావమరిది షాపులో కూలికి చేరతానని. ఆ కుర్చీ వాళ్ళ నాయన నాటిది.

డాక్టరమ్మ నారాయణప్ప దవడను వెలుగున్న భూతద్దంతో చూసింది. దాన్ని డెర్మోస్కోపు అంటారు. చూసి, తాను నేర్చుకున్న తెలుగు మాట సరిగ్గా పలికానన్న సంతోషంతో, "ఇది పేనుకొరుకుడు" అంది. తప్పేమీ కాదు. అలోపీషియా ఏరియాటాకు తెలుగులో అదే పేరు. మా ఓపీ గోడ మీది బోర్డులోనూ అదే రాసి ఉంది.

నారాయణప్ప కుర్చీలోంచి లేచాడు. "విన్యావేమబ్బా హనుమంతప్పా! డాక్టరమ్మ నోటనే వచ్చె. పేను కొరికినాదంట! యాడి పేను? నీ టవల్లోదే కదా?"

"నా షాపులో పేన్లు లేవన్నా," అన్నాడు హనుమంతప్ప.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఏమైందో చెప్పాను. ఆమెకు నిమిషంలో అర్థమైంది. తలుపు వేయమంది, వెనకాల టోకెన్లను ఆపమంది. మామూలుగా ఒక్కో రోగికి అంత సమయం ఉండదు. ఆ రోజు ఇచ్చింది.

భూతద్దానికి ఫోను తగిలించి ఫోటో తీసి నారాయణప్పకే చూపించింది. మచ్చలో పేను లేదు, గాటు లేదు, పొట్టు లేదు. అంచున మాత్రం పొట్టి వెంట్రుకలు, పైన లావుగా, కింద వేరు దగ్గర సన్నగా. "బళ్ళో వాక్యం చివర ఆశ్చర్యానికి పెట్టే గుర్తు మాదిరిగా లేవా పెద్దాయనా?" అన్నాను. పదో తరగతి దాకా చదివిన మనిషి కాబట్టి కళ్ళజోడు సర్దుకొని చూసి, ఉండాయి అన్నాడు. ఆ వెంట్రుకలు కనబడితే రోగం ఖాయమైనట్టేనని డాక్టరమ్మ చెప్పింది. ఒంటిని కాపాడే కణాలే పొరబాటున జుట్టు వేర్ల మీద పడతాయి, బయటి నుంచి ఏదీ రాదు, ఒకరి నుంచి ఇంకొకరికి పోదు అంది. దాన్ని నేను ఆయనకు అందే దారిలో పెట్టాను: "మంద కాసే కుక్క చీకట్లో తోడేలనుకొని మన గొర్రెనే పట్టుకున్నట్టు."

ఆయన దవడ తడుముకుంటూ అడిగాడు: "మరి నా కుక్కకు ఏం పుట్టినాది, నా గొర్రెనే పట్టేదానికి?"

ఎందుకు పడుతుందో పూర్తిగా ఇంకా ఎవరికీ తెలియదని డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. తెలియదని ఒప్పుకున్నందుకే ఆయన ఆమెను నమ్మాడని నా అభిప్రాయం.

రామాంజిది అంత తేలిగ్గా తేలలేదు. అతని మచ్చ ఎర్రగా, అంచులు ఉబ్బి, పొట్టు రాలుతోంది. దురద కూడా. డాక్టరమ్మ మొహం మారింది. అది తామరైతే, అంటే ఫంగస్ వల్ల వచ్చే టీనియా అయితే, అంటుతుంది. కత్తి ద్వారా, టవలు ద్వారా కూడా అంటవచ్చు. మొద్దు బ్లేడుతో అంచును గీరి ఆ పొట్టునూ, తెగిన వెంట్రుకలు కొన్నిటినీ గాజు పలక మీద వేసి నాకిచ్చింది. దాన్ని ల్యాబుకు తీసుకుపోతే కేఓహెచ్ అనే ద్రావకం చుక్క వేస్తారు. చర్మం కరిగిపోయి, ఫంగస్ ఉంటే పోగులు మిగులుతాయి. కొంతసేపు ఆగాలి.

ఆ కొంతసేపూ హనుమంతప్ప బయట బెంచీ మీద ఉన్నాడు. "దాంట్లో ఏమొస్తే నా బతుకు అదేనక్కా," అన్నాడు. ధైర్యం చెప్పాలనిపించింది గాని చెప్పలేదు. పరీక్ష ఫలితం రాకముందే రోగికి గాని, పక్కవాళ్ళకు గాని ఏమీ చెప్పకూడదన్నది ఆర్డర్లీకి మొదటి నియమం.

డాక్టరమ్మే పోయి మైక్రోస్కోపులో చూసింది. నన్నూ చూడమంది. మగ్గం మీద తెగి చిక్కుపడిన సన్నని పోగుల్లా కొమ్మలు కొమ్మలుగా ఉన్నాయి. ఫంగసే.

హనుమంతప్పను కూడా లోపలికి పిలిచి ఆ మాట చెప్పింది. హనుమంతప్ప గోడకు ఆనుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం ఇంకా ముగించలేదు. ఇలాంటి తామర పశువుల నుంచి కూడా వస్తుంది కాబట్టి, ఇంట్లో పశువులున్నాయా అని అడిగింది.

"ఉండాయి గానీ అన్నీ బాగుండాయమ్మా," అన్నాడు రామాంజి.

వెనక నుంచి ఓబులమ్మ అందుకుంది. "ఏం బాగుండాయి? గోరంట్ల సంతలో తెచ్చిన దూడకు కండ్ల సుట్టూ బూడిద పూసినట్ల లేదా? పాలు పిండేటప్పుడు దాన్ని మెడకు ఆనించుకోని పట్టుకుంటాడమ్మా ఈయప్ప. ముద్దు! నన్ను ఒక దినమన్నా అట్ల పట్టుకున్యాడేమో అడగండి!"

గదంతా నవ్వులు. రామాంజి చేయి మచ్చ ఉన్న మెడవైపే పోయింది. దూడను ఏ వైపు ఆనించుకుంటాడని అడగాల్సిన అవసరం లేకపోయింది.

అయినా డాక్టరమ్మ హనుమంతప్పను ఊరికే వదల్లేదు. ఈసారి దూడ నుంచే వచ్చి ఉండాలి, కాని రేపు ఇదే మచ్చ మీద తుడిచిన టవలు ఇంకొకరికి వాడితే నీ షాపు నుంచే పోతుంది అంది. బ్లేడు సంగతి ఏంటని అడిగితే అతను మొదటిసారి తల ఎత్తి, "మనిషికో కొత్త బ్లేడు, వాళ్ళ ఎదురుగానే తుంచి ఏస్తానమ్మా. మా నాయన కాడ్నుంచి పనిలో మాకు మాట రాలేదు," అన్నాడు. టవలు మాత్రం ఒకటే పూటంతా వాడుతున్నానని ఒప్పుకున్నాడు. ఇకనుంచి మనిషికొకటి, వేడినీళ్ళలో ఉడికించి ఎండలో ఆరేస్తానన్నాడు.

నారాయణప్ప మచ్చలోకి స్టెరాయిడ్ మందును సన్నని సూదితో చుక్క చుక్కగా ఎక్కించారు. రామాంజికి ఫంగస్ మాత్రలు రాసి, తగ్గేదాకా గడ్డం గీయించవద్దన్నారు. దూడను పశువుల డాక్టరుకు చూపించమన్నారు. ఊరికి ఈ సంగతి నారాయణప్పే చెప్పాలని డాక్టరమ్మ అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు గాని ఒక చిక్కు పెట్టాడు.

"పేనుకొరుకుడంటే మళ్ళా టవలు కాడికే వస్తారు. పేరు లేని రోగాన్ని ఊరికి యట్ల చెప్పేది?"

హనుమంతప్ప నెమ్మదిగా అన్నాడు: "బిళ్ళంత రాలినాది కదన్నా. బిళ్ళరాలుడు అను."

డాక్టరమ్మ ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకుంది. ఆ సాయంత్రం గోడ బోర్డు మీద పాత పేరు పక్కనే ఆ కొత్త పేరు రాయించింది. కింద "ఇది అంటదు" అని నేనే చెప్పి రాయించాను.

నారాయణప్ప నెలకొకసారి సూదికి వచ్చేవాడు. మూడోసారి వచ్చినప్పుడు మచ్చలో తెల్ల వెంట్రుకలు మొలిచాయి. మొదట తెల్లగానే రావడం మామూలే, తర్వాత నల్లబడతాయని చెప్పాను. "వచ్చింది గానీ ముసలిది వచ్చినాదమ్మా," అని నవ్వాడు. గడ్డం అప్పుడే గీయించినట్టు నున్నగా ఉంది. ఎవరు గీశారని అడిగాను. "ఇంగెవరు? మా హనుమంతప్పే. కుర్చీ కోసం వరుసలో కూర్చోని వస్తాండా," అన్నాడు.

ఆ తర్వాత ఆ ఊరి నుంచి వచ్చేవాళ్ళు హనుమంతప్ప చెప్పి పంపిన మాటలతోనే వచ్చేవాళ్ళు: ఒకరు "నున్నగా ఉండాది", ఇంకొకరు "పొట్టు రాలతాండాది". తల వెనక పుట్టే మచ్చ అందరికన్నా ముందు కటింగ్ చేసేవాడికే కనబడుతుంది. ఇది గమనించి డాక్టరమ్మ ధర్మవరంలో కటింగ్ షాపులవాళ్ళను పిలిచి ఒక సమావేశం పెట్టింది. అందులో తెలుగులో మాట్లాడే పని నాకిచ్చింది. ఐదో తరగతి మనిషిని మైకు పట్టుకొని అలోపీషియా ఏరియాటా, టీనియా, రెండింటికీ తేడా చెప్పాను. హనుమంతప్ప ముందు వరుసలో కూర్చొని, నేను ఆగిన చోట అందించాడు. నా ఉద్యోగంలో నేను గర్వపడే రోజు అది. పదవీ విరమణ రోజు వేసిన శాలువా కూడా దాని తర్వాతే.

తర్వాత కొత్తగా చేరిన ఆర్డర్లీలకు పని నేర్పే బాధ్యత నాకే అప్పగించారు. వాళ్ళకు ఆ ఉదంతం నేర్పిన పద్ధతినే మొదట చెప్పేదాన్ని. రోగికి రోగం పేరు చెప్పేముందు, దాన్ని వాళ్ళ ఇంట్లో ఏమంటారో అడగాలి. ఆ పేరు విని ఎవరి మీదికి పోతారో కూడా కనుక్కోవాలి. మందుచీటీ ఆ తర్వాత చేతికివ్వాలి.