జాల్‌కి కొడుకైన కెర్సీ

కెర్సీ బాటలీవాలా చెయ్యెత్తితే చాలు, దాదర్ పార్సీ కాలనీ కడుపుబ్బ నవ్వేది. ఏటా పార్సీల కొత్త సంవత్సరం నవ్‌రోజ్ రోజున కొత్త నాటకం. ఏ నాటకమైనా, అందులో ఎవరో ఒకరు "ఈ పని ఎవరు చేస్తారు?" అని అడగాల్సిందే. కెర్సీ టోపీ సర్దుకుని, చెయ్యెత్తి, "నేనున్నాగా!" అనేవాడు. పక్కనే వేషం కట్టిన స్నేహితుడు జాల్ "చచ్చాం!" అనేవాడు. అంతే, హాలు దద్దరిల్లేది. నలభై ఏళ్లు అదే ముచ్చట. చూసేవాళ్లకు మొహం మొత్తలేదంటే, అదేం చిత్రమో!

పగలు బ్యాంకులో గుమాస్తా, సాయంత్రం రిహార్సల్. వయసులో ఉండగా ఒకమ్మాయిని పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఆమె పగలబడి నవ్వి, "మళ్లీ ఒకసారి చేసి చూపించు" అంది. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. జాల్ కూడా ఒంటరివాడే. ఇద్దరివీ ఎదురెదురు వాటాలు. పొద్దున్నే గుడ్లు జాల్ వండితే, టీ కెర్సీ పెట్టేవాడు.

జాల్ పోయాడు. మూడోనాటి ప్రార్థనకు కాలనీ అంతా వచ్చింది. కొడుకులు లేని మనిషి పోతే, ఆ రోజు పదిమందిలో ఒకరు కొడుకు స్థానం ఒప్పుకోవాలి. ఏటేటా అతని పేరున ప్రార్థన చేయించే పూచీ వాళ్లది. లేకపోతే ఆ పేరు తలిచే దిక్కే ఉండదు.

"జాల్‌కి కొడుకుగా ఎవరుంటారు?" అని పూజారి దస్తూర్‌జీ అడిగాడు.

ఎవరూ కదల్లేదు. కెర్సీ లేచాడు. పాడు అలవాటు, చెయ్యి ముందు టోపీ మీదికే పోయింది. తర్వాత పైకి లేచింది.

"నేనున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగుతుందా, అందరూ అందుకున్నారు. వాళ్లననేం లాభం? నలభై ఏళ్లు తాను నేర్పిన పాఠమే అప్పజెప్పారు.

"జాల్ నీకంటే చిన్నోడు కదరా! డెబ్బై రెండేళ్ల కొడుకా వాడికి?" అంది ఎనభై దాటిన తెహ్మీ ఆంటీ, నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్లు తుడుచుకుంటూ.

"నిజంగానే చెబుతున్నా ఆంటీ."

మరీ నవ్వారు. నోరు మూసుకుని నిలబడ్డాడు. అదీ పాత వేషమే, దానికీ నవ్వారు. జీవితమంతా నలుగురినీ నవ్వించి, ఇవాళ నలుగురిలో నవ్వులపాలయ్యాడు. కూర్చుంటే ఈ గొడవ తీరిపోయేది. కానీ తను కూర్చుంటే జాల్ పేరు ఈ హాల్లోనే ఆగిపోతుంది. అందుకే కూర్చోలేదు.

దస్తూర్‌జీ ఒక్కడే నవ్వలేదు. "నువ్వూ పోయాక జాల్‌ని ఎవరు తలుచుకుంటారయ్యా? అసలు నిన్నెవరు తలుచుకుంటారు?"

"నేనున్నన్నాళ్లూ వాణ్ణి నేను తలుచుకుంటా, దస్తూర్‌జీ. తర్వాతి సంగతి నాకు తెలీదు. నన్నెవరు తలుస్తారో అదీ తెలీదు."

నవ్వులు ఆగిపోయాయి. దస్తూర్‌జీ జాల్ కొడుకుగా కెర్సీ పేరు అందరికీ వినపడేలా చెప్పాడు.

ఆ ఏడు నవ్‌రోజ్‌కి ముందు, పోయినవాళ్లను తలుచుకునే పది రోజులు వచ్చాయి. అగ్నిగుడిలో బల్ల నిండా ఎవరెవరి పెద్దల పేర్లతోనో వెండి కలశాలు. కెర్సీ కూడా ఒక కలశంలో గులాబీలు పెట్టి, జాల్ పేరున ఉంచాడు.

"జాల్ తరఫున ఎవరొచ్చారు?" అన్నాడు దస్తూర్‌జీ.

కెర్సీ టోపీ సర్దుకుని చెయ్యెత్తాడు. "నేనున్నాగా."

"చచ్చాం" అనేవాడు లేడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కరైనా నవ్వితే బాగుండునని కెర్సీకి ఏడుపొచ్చింది.